గూటిలోని కడపటి పిల్ల



కోడిపిల్ల గ్రుడ్డు పగిలిన మఱునాటికే తల్లి వెంట దిరుగుచు తన ముక్కుతో తానే గింజ నేఱుకొనును. పావురపు పిల్లకును, చిలుకజాతి పిల్లకును ఆ శక్తి లేదు. కన్ను తెఱవక, ఈకలు లేక పుట్టి, తల్లిదండ్రులు నోటి కందించినదానితోనే అవి పెరుగవలెను. ఈ భేదము నెఱుగక కోళ్లను సాకినట్లే వీనిని సాకినచో పిల్లలు గూటిలోనే ఆకలికి చచ్చును.

2022వ సంవత్సరము వరకు కృష్ణాజిల్లాలో నుండి, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్న మన రెడ్డిగూడెపు మెట్టప్రాంతమునందును కొందఱు ముచ్చటకును, కొందఱు పిల్లల నమ్మి నాలుగు రూకలు గడించుటకును బడ్జీ పక్షులను పెంచుచున్నారు. జనులు వీనిని లవ్‌బర్డ్స్ అందురు గాని, ఆ పేరు నిజమునకు ఆఫ్రికా ఖండపు వేఱొక చిలుకజాతిది. బడ్జీ ఆస్ట్రేలియాలోని మెట్టభూములలో గడ్డిగింజలు తిని బ్రతుకు పక్షి. 1840లో జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు దీనిని ఇంగ్లండునకు గొనిపోయెను. మన రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమని సభ్యులు మఱువరాదు.

నేను మొదట పెంచిన జతకు ఐదు పిల్లలు పుట్టగా మూడే మిగిలినవి. మేతగిన్నె యెప్పుడును నిండుగనే యుండెను. గిన్నె నిండుట వేఱు, పిల్ల కడుపు నిండుట వేఱు అని అప్పుడు గాని నాకు తెలియలేదు.

కారణ మిది. పెట్ట దినము విడిచి దినము గ్రుడ్డు పెట్టును. సాధారణముగా నాలుగు మొదలు ఆరు గ్రుడ్లుండును. మొదటి గ్రుడ్డు నుండియే పొదుగుటకు కూర్చుండును గాన, సుమారు 18 దినములకు పిల్లలును దినము విడిచి దినమే వెలువడును. ఐదవది పుట్టునాటికి మొదటిదానికి ఎనిమిది దినముల వయస్సుండును. అప్పుడే పుట్టిన పిల్ల తూకము రెండు గ్రాములు. పెద్దది దానికి పలురెట్లుండును. పెద్దవాని త్రొక్కిడిలో కడపటిదానికి మేత దక్కుట కష్టము.

మొదటి దినములలో పెట్ట గూడు విడువదు. పోతు గింజలు మ్రింగి, తెచ్చి, దాని నోట పెట్టును. పెట్ట దానిని పాలవంటి ద్రవముగ మార్చి పిల్లలకు పోయును. తండ్రికి మేత చాలనిచో తల్లికి లేదు; తల్లికి లేనిచో పిల్లలకు లేదు.

ప్రతిదినము సాయంకాలము, చీకటి పడకమున్ను, చేతులు కడిగికొని గూటికుండను ఒక్కమాఱు పరీక్షింపుడు. పిల్ల మెడక్రింద మేతసంచి ఉబ్బియుండి, పలుచని చర్మము గుండ మేత కనబడినచో చింత లేదు. ఆ వేళ సంచి ముడుతపడి వట్టిదైయున్నచో ఆ పిల్లకు ఆపద సమీపించినదని యెఱుగుడు. తెల్లవాఱుజామున సంచి ఖాళీగ నుండుట సహజమే. ఊరక మాటిమాటికి గూడు కదపినచో తల్లి బెదరును.

మేత విషయమున మన మెట్టరైతులకు కొఱత లేదు. పొట్టు తీయని కొఱ్ఱలు, సామలు, వరిగలు, సజ్జలు వీనికి తగిన ఆహారము. పిల్లలున్నపుడు ఎండుగింజలు మాత్రమే చాలవు. కొన్ని గింజలను రాత్రి 12 గంటలు నానవైచి, బాగుగ కడిగి, గుడ్డలో కట్టి మొలకెత్తించి పెట్టవలెను. పులిసిన వాసన వచ్చినచో పాఱవేయవలెను. ఉడికించిన కోడిగ్రుడ్డును చిదిమి కొంచెము పెట్టి, రెండు గంటలలో మిగిలినది తీసివేయుడు. సముద్రపు నురుగు ముక్క పంజరమునకు కట్టిన సున్నపు సత్తువ చేకూరును. మంచినీరు ఎడతెగక యుండవలెను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు ఒక్కటియు పెట్టరాదు. ప్రత్తి, మిరప చేలలో మందు చల్లిన ప్రక్కగట్ల ఆకుకూరయు వలదు. మిగిలిన విత్తనము వ్యర్థము గాకూడదని పెట్టినచో గూడంతయు నశింపవచ్చును.

ఇంత చేసినను కడపటి పిల్ల చిక్కుచున్నచో, దానిని అదే పరిమాణము గల పిల్లలున్న వేఱొక గూటిలో చేర్పుడు. బడ్జీ తల్లి పరాయిపిల్లను సాధారణముగ త్రోసివేయదు. కాని ఇందుకు రెండవ గూడు సిద్ధముగ నుండవలెను గదా! కావున ఒక వీథిలో పక్షులను పెంచు సభ్యులు ఇద్దఱు ముగ్గురు కూడబలుకుకొని, తమ జతలకు ఒకే వారములో గూటికుండలు కట్టవలెను. అప్పుడు ఒకరి గూటిలో మేత చాలని పిల్లను మఱియొకరి గూడు బ్రతికించును. రోగమున్న యింటి పిల్లను మాత్రము మార్పరాదు. పక్షులకు ఆవుపాలు జీర్ణము కావు గనుక పాలు పోయరాదు. చేతితో మేపుటలో మేత ఊపిరిగొట్టములోనికి పోవు భయముండును గాన, తెలిసినవారి సాయము లేనిదే పూనుకొనరాదు.

పిల్లలు ఐదు వారములకు గూడు వెడలును. అటుపిమ్మటను తండ్రి కొన్ని దినములు మేపుచుండును గనుక వెంటనే వేఱుచేయరాదు. ఏటికి రెండు ఈడ్లకు మించి పిల్లలను తీయక, కుండ విప్పి తల్లికి విశ్రాంతి నీయవలెను. రోహిణికార్తె యెండలలో అసలే వలదు.

బలహీనుడగు సభ్యుని పొరుగువాడు నిలుపుటయే మన సంఘధర్మము. ఈ సాయంకాలమే దీపము వేళకు ముందు మీ గూటిలోని కడపటి పిల్ల మెడను ఒకమాఱు చూచెదరు గాక.