బండి యెవరిది? జాడ యెవరిది?

దొంగ తోలుకొనిపోయిన బండి యే బాటను పోవుచున్నదో, ఎచ్చట నిలిచినదో యజమాని యింటనే కూర్చుండి ఫోనులో చూచుకొను కాలము వచ్చినది. ఒంగోలు గిత్త తప్పిపోయిన నాళ్లలో రైతు గిట్టజాడలు వెదకుచు, ఒంటిమీది గుర్తులు చెప్పి ఊరూర విచారించుచు దినములతరబడి తిరుగవలసి యుండెను. నేటి విద్యుత్తు కారు తన జాడను తానే చెప్పుచున్నది. ఇది మేలే. కాని ఆ జాడను అది మొట్టమొదట ఎవరికి చెప్పుచున్నది? కారును తయారుచేసిన కంపెనీకి. యజమానికి తెలియునది ఆ కంపెనీ ద్వారముననే. ఈ సంగతిని గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రజలు చక్కగ ఆలోచింపవలసి యున్నది.

ఇట్టి కారులో నొక సిమ్ముకార్డును, ఉపగ్రహముల సాయమున తానున్న తావును గుర్తించు పరికరమును ఉండును. తావు, వేగము, బ్యాటరీలో మిగిలిన శక్తి మొదలగు వివరములు ఎప్పటికప్పుడు కంపెనీ సర్వరునకు చేరుచుండును. ఫోనులోని యాప్ ఆ సర్వరునడిగి మనకు చూపును. తలుపు తెఱువుమను ఆజ్ఞయు ఆ త్రోవనే పోవును. కావున మన జేబులో నొక తాళపుచెవి యున్నను, రెండవది మనకు కానరాని చోట నున్నదని గ్రహింపవలెను.

దొంగయు వెనుకబడి లేడు. ఇంటిలోని తాళపుచెవి వెలువరించు సంకేతమును పరికరములతో నందుకొని వాకిట నున్న కారునకు చేర్చి తలుపు తెఱచు విద్య ఐరోపాలో ప్రబలియున్నది. సంకేతములను అడ్డగించు జామరును కారులో నుంచినను, కారును ఇనుప కంటెయినరులోనికి ఎక్కించినను జాడ తెలియదు. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్లల మీదుగ సాగు 16వ నెంబరు జాతీయ రహదారిపై రాత్రియెల్ల లారీలు పోవుచునే యుండును. ఏ పెట్టెలో నేమున్నదో విప్పిచూచు వారెవరు? యాప్ ఉన్నదని నిద్రపోవుట కంటె, బండి పోయిన గంటలోపల పోలీసులకు తెలుపుటయే మేలు.

ఇంతకంటె పెద్ద ముప్పు వేఱొకటి గలదు. 2016లో నిస్సాన్ లీఫ్ అను విద్యుత్తు కారు యాప్‌నందు, కారు ఛాసిస్ నెంబరు తెలిసిన చాలును, ఎవరైనను దాని ప్రయాణముల చరిత్రను చూడగలరని పరిశోధకులు బయటపెట్టిరి. కంపెనీ ఆ యాప్‌ను ఆపివేసినది. 2024లో అమెరికాలోని కియా కార్లను, నెంబరుపలక మీది అంకెల సాయముననే దూరమునుండి కనిపెట్టి తలుపులు తీయవచ్చునని తేలినది. కంపెనీ లోపమును సరిదిద్దిన పిమ్మటనే ఆ సంగతి వెల్లడియైనది. మన పెనుకొండ చెంత కార్లు చేయుచున్నది ఆ కంపెనీయే. ఆ లోపము ఇచ్చటి కార్లలో నుండెనని మేము చెప్పుట లేదు. తయారీ మన గడ్డమీద జరుగుచున్నపుడు ప్రశ్నించు హక్కును మనకు గలదని మాత్రమే చెప్పుచున్నాము. ఆ 2024 డిసెంబరులోనే, ఫోక్స్‌వాగన్ కూటమికి చెందిన సుమారు 8 లక్షల విద్యుత్తు కార్ల సమాచారము రక్షణ లేక పడియున్నదని జర్మనీలో బయటపడెను. వానిలో 4 లక్షల 60 వేల కార్లు ఎచ్చటెచ్చట నిలిచినవో స్పష్టముగ తెలియుచుండెను. వైద్యుని యింటికి పోయినదియు, వకీలును చూడబోయినదియు అందులో దాగదు గదా!

మనుష్యుల జాడను పరులు లెక్కవ్రాయుట యెట్టిదో ఈ సీమకు తెలియును. బాపట్ల చెంతనున్న స్టువర్టుపురమున ఎఱుకల కుటుంబములను క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద నుంచి, పుట్టుకచేతనే దొంగలని ముద్రవేసి, పేర్లు పట్టికకెక్కించి, హాజరు తీసికొని, చీటి లేనిదే పొలిమేర దాటరాదని కట్టడి చేసిరి. దొంగతనములను అరికట్టుటయే దానికి చెప్పిన కారణము. మద్రాసు రాష్ట్రమున ఆ చట్టము 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయ్యెను. దాని మచ్చ మాత్రము తరములు వెంటాడినది. దొంగను పట్టుటకని తెఱచిన పుస్తకములో నిర్దోషుల పేర్లును చేరునని ఆ చరిత్ర చెప్పుచున్నది.

పత్తి, మిరప రైతునకు ఇందు మఱియొక చిక్కు గలదు. దూరమునుండి జాడ తీయగలవాడు దూరమునుండి బండిని నిలుపనుగలడు. వాయిదా తప్పిన విద్యుత్తు ఆటోలను ఈ విధముగ కదలకుండ చేయు పద్ధతి మన దేశమున ఇప్పటికే కలదు. 2025 ఆరంభమున మిరప ధర పడిపోయి, కేంద్రప్రభుత్వము క్వింటాలునకు రూ. 11,781 చొప్పున జోక్యపు ధర ప్రకటింపవలసి వచ్చినది. అట్టి యేట వాయిదా తప్పుట నేరమా? గుంటూరు యార్డునకు బస్తాలతో బయలుదేరిన బండిని నడిదారిలో నిలిపినచో అప్పు తీరుటెట్లు? అప్పు రాబట్టుటకు బలప్రయోగము తగదనియు, న్యాయమార్గమే శరణ్యమనియు 2007లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. గూండా చేయరాని పనిని సర్వరు చేయవచ్చునా?

2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగ అంగీకరించినది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. కాగితము మీది హక్కు బండిలోనికి దిగిరావలెను. బండి జాడను ఎంతకాలము దాచుదురో, ఎవరికిత్తురో అమ్మకపు వేళనే కంపెనీలు తెలుగున వ్రాసి యీయవలెను. పాతబండి చేతులు మారినపుడు మునుపటి యజమాని ఖాతా తుడిచివేయబడవలెను; లేనిచో అమ్మినవానికే కొన్నవాని జాడ తెలియుచుండును. న్యాయస్థానపు ఉత్తరువు లేక బాకీకై బండిని నిలుపరాదు. పోయిన బండి విషయమున యజమాని కోరిన క్షణముననే పోలీసులకు జాడ అందవలెను.

దొంగకు భయపడి తలుపునకు తాళము వేయుదుము. ఆ తాళపుచెవిని ఎవరి చేతికిచ్చుచున్నామో చూచుకొనుటయు గృహస్థుని ధర్మమే. శాసనసభ్యులును, రైతుసంఘములును ఈ విషయమున ఇప్పుడే మేలుకొందురుగాక.