చాచిన చేతిలో ఏం పెట్టాలి?

జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుంటే రెండు వైపులా చేతులు చాచి ఉంటాయి. ఒకరికి ఇస్తే పదిమంది చుట్టూ మూగుతారు. ఇవ్వకుండా వస్తే ఇంటికెళ్ళేదాకా మనసు పీకుతూనే ఉంటుంది. "వీళ్ళ వెనక ముఠాలుంటాయి, ఒక్క పైసా వేయకండి" అంటారొకరు. "అడిగినవాణ్ణి కాదనడానికి మనమెవరం?" అంటారు మరొకరు. ఈ రెండు మాటలూ నేను అన్నవే. జేబులో ఉన్న చిల్లరను బట్టి ఏదో ఒకటి అనేవాణ్ణి.

రెండేళ్ళ కిందటి రంజాన్‌లో చివరి శుక్రవారం. తొందరగా బయటికి వస్తూ, ముఖం కూడా చూడకుండా ఒక చిన్న చేతిలో పది రూపాయల నోటు పెట్టాను. "సార్" అని వినబడింది. మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు. పక్కనే వాళ్ళ నానీ కొంగు పరుచుకుని కూర్చుంది. మరునాడు హాజరుపట్టీ తీసి చూశాను. ఆ ఏడాది దాదాపు ప్రతి శుక్రవారం వాడు గైర్హాజరు. రంజాన్ నెలంతా వచ్చింది నాలుగే రోజులు. పొద్దున్నే వచ్చి కూర్చుంటేనే గేటు దగ్గర చోటు దొరుకుతుందట. శుక్రవారాలు ఎందుకు రావడం లేదని తరగతిలో వాణ్ణి నిలబెట్టి అడిగింది నేనే. వాణ్ణి బడికి రాకుండా చేసే కూలి ఇస్తున్నదీ నాలాంటి నమాజీలే.

అప్పటినుంచి ఈ విషయం మీద కొంత చదివాను, తెలిసిన ఆలిములను అడిగాను.

యాచకుణ్ణి కసురుకోవద్దని దివ్య ఖుర్ఆన్ అజ్జుహా సూరాలో స్పష్టంగా ఉంది. అదే గ్రంథం అల్ బఖరా సూరా 273వ ఆయతులో ఇంకో రకం పేదలను చూపిస్తుంది. వారు అభిమానంతో నోరు తెరిచి అడగరు, తెలియనివారు వారిని కలిగినవారే అనుకుంటారు. ఒకటి రెండు ముద్దల కోసం ఇంటింటికీ తిరిగేవాడు కాదు, అవసరం ఉండీ ఎవరి కంటా పడనివాడే అసలైన మిస్కీన్ అన్న భావం దైవప్రవక్త (స) హదీసులోనూ ఉంది. ఈ రెండింటికీ పొంతన లేదని కొందరంటారు. నాకలా అనిపించదు. మొదటిది మన నోటికి సంబంధించింది. ఇచ్చినా ఇవ్వకపోయినా కసరకూడదు. రెండోది మన కాళ్ళకు సంబంధించింది. మనమే లేచి వెతుక్కుంటూ వెళ్ళాలి.

ఇక్కడ సదఖాకూ జకాత్‌కూ ఉన్న తేడా మరిచిపోకూడదు. సదఖా మన ఇష్టంతో ఇచ్చేది. దారిలో అడిగిన పెద్దవాళ్ళకు పదో ఇరవయ్యో ఇవ్వడానికి విచారణ అక్కర్లేదు. మోసపోతామేమోనన్న భయమూ అక్కర్లేదు. ఒక మనిషి వరుసగా మూడు రాత్రులు చేసిన దానం తెలియక ఒక దొంగకు, ఒక వ్యభిచారిణికి, ఒక ధనవంతుడికి చేరిందనీ, అయినా అది వృథా కాలేదనీ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. జకాత్ అలా కాదు. లక్షకు 2,500 చొప్పున లెక్కగట్టి తీసేది, అత్తౌబా సూరా 60వ ఆయతులో చెప్పిన ఎనిమిది రకాల వారికి చేరాల్సినది. విచారించి ఇచ్చాక తీసుకున్నవాడు కలిగినవాడని బయటపడినా జకాత్ నెరవేరినట్టేనని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. కానీ విచారించి ఇవ్వడమన్నది ముందు జరగాలి కదా! జకాత్ సొమ్మును వంద నోట్లుగా మార్చి గేటు దగ్గర పంచేసి చేతులు దులుపుకునే అలవాటు మన ఊళ్ళలో చాలా ఉంది. అది నాకు సమ్మతం కాదు.

అడగడానికి వచ్చిన ఒక అన్సారీ సహాబీ కథ అందరికీ తెలిసిందే. అబూదావూద్‌లో ఉంది. ఆయన ఇంట్లో ఉన్న దుప్పటి, గిన్నె తెప్పించి ప్రవక్త (స) రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, ఇంకో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. "చూశారా, పనిచేసుకు బతకమన్నారు" అని ఈ కథ చెప్పి చాలామంది జేబు మూసేస్తారు. ఆ గొడ్డలికి పిడి తన చేతులతోనే బిగించి ఇచ్చారనీ, పదిహేను రోజులు గడువిచ్చారనీ, ముందు ఇంట్లో తిండి చూశారనీ మాత్రం చెప్పరు.

ముఠాల మాట. పెద్ద నగరాల సంగతి వేరు కావచ్చు. మా ఊరి గేటు దగ్గర నేను వాకబు చేసినంతవరకు ముఠా అంటే ఒక ముసలమ్మ, ఒక మనవడు. అలాగని చట్టం చిన్నది కాదు. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం పిల్లలను భిక్షాటనకు వాడుకుంటే అయిదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. పిల్లల చేతిలో డబ్బు పెట్టడం నేను పూర్తిగా మానేశాను. ఆకలంటే ఎదురుగా తినేది కొనిస్తాను, పేరు, బడి అడుగుతాను. కొత్త పిల్లలైతే, వెంట ఉన్నవాళ్ళ తీరు అనుమానంగా ఉంటే 1098కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్ళను వీధుల్లోంచి తరిమేయడం మాత్రం పరిష్కారం కాదు. 2017లో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు కోసం యాచనను నిషేధించి, యాచకులను జైళ్ళ పక్కనున్న ఆశ్రమాలకు తరలించారు. భిక్షాటన నేరమన్న నిబంధనలను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. వేరే దారి లేకనే మనుషులు చెయ్యి చాస్తారన్న ధోరణిలోనే 2021లో సుప్రీంకోర్టూ మాట్లాడింది.

ఇంకో మాట. సహరీకి డప్పు కొట్టి లేపి, పండుగనాడు ఇంటికొచ్చే ఫకీర్లను యాచకుల్లో కలిపేయకండి. అది వారి వృత్తి. 2007లో వచ్చిన బీసీ-ఇ జాబితాలో ఫకీర్, ఘంటి ఫకీర్, తురక బుడబుక్కల పేర్లున్నాయి. సర్టిఫికెట్ తెప్పించుకోవడం తెలియక రిజర్వేషన్ పోగొట్టుకున్న పిల్లలను నేను చూశాను. వారికి పండుగనాటి యాభై రూపాయల కన్నా, ఒక పూట సెలవు పెట్టి ఎమ్మార్వో ఆఫీసుకు తోడెళ్ళే మనిషి ఎక్కువ ఉపయోగం.

ఇక ఆ పిల్లవాడి సంగతి. మన సొసైటీ సభ్యులిద్దరితో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. నానీ పేరు వేరే ఊళ్ళో ఉన్న కొడుకు రేషన్ కార్డులో ఉండిపోయింది. అతను చూడడు, ఈమెకు బియ్యం రావు. జకాత్ నిధి నుంచి నెలకు సరుకులు, అద్దె ఏర్పాటు చేశాం. కార్డు పని ఇంకా తిరుగుతూనే ఉంది. "శుక్రవారం నువ్వొక్కదానివే కూర్చో అమ్మా, పిల్లవాణ్ణి తేవద్దు" అన్నాను. "వాడు పక్కనుంటేనే వేస్తారు సార్, నా ముఖం చూసి ఎవరు వేస్తారు?" అంది. ఇప్పుడు ఆమె చేతిలో ముఖం చూసి, సలాం చెప్పి పెడుతున్నాను. పిల్లవాడు ఎనిమిదిలోకి వచ్చాడు. ఈ ఏడాది ఇప్పటికి ఆరు శుక్రవారాలు తప్పాడు. రంజాన్ దగ్గర పడుతోంది. ఈ నెల సరుకులు షాబాన్‌లోనే ఇచ్చేద్దామని కమిటీని అడిగాను.