తుర్రం ఖాన్ అంటే ఎవరు?

“నువ్వేమైనా పెద్ద తుర్రం ఖాన్‌వా?” చేవెళ్లలో గానీ, మొయినాబాద్‌లో గానీ గొప్పలకు పోయేవాణ్ణి చూసి జనం అనే మాట ఇది. మన ఇళ్లలో పిల్లల్నీ ఇలాగే దెప్పుతాం. ఆ పేరు వెనుక ప్రాణమిచ్చిన మనిషి ఒకడున్నాడని మాత్రం వాళ్లకు చెప్పం.

ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్. 1857లో సిపాయిల తిరుగుబాటు దేశమంతా రాజుకుంది. ఢిల్లీ మీదికి వెళ్లనని ఎదురుతిరిగిన జమాదార్ చీదా ఖాన్ బుల్ధానా నుంచి కొందరు సిపాయిలతో హైదరాబాద్ చేరాడు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ అతణ్ణి పట్టి ఇంగ్లీషు రెసిడెన్సీకి అప్పగించాడు. నగరం భగ్గుమంది.

జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు ముగిసింది. మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ ముందు నడవగా సుమారు 500 మంది రొహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీపై విరుచుకుపడ్డారు. అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లలో మాటు వేసి రాత్రంతా తుపాకులు పేల్చారు. ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారుజామున వెనుదిరిగారు.

తుర్రేబాజ్ ఖాన్ పారిపోయాడు. కొద్ది రోజులకే షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్ద వద్ద దొరికిపోయాడు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేశారు. 1859 జనవరిలో కాపలా తప్పించుకుని మళ్లీ పరారయ్యాడు. పట్టిస్తే 5,000 రూపాయల బహుమానమని సర్కారు చాటింది. నిజాం రాజ్యపు ఎల్ల దాటకముందే, అదే నెలలో, తూప్రాన్ అడవిలో కుర్బాన్ అలీ బేగ్ ఆయన్ని చంపాడు. శవాన్ని నగరానికి తెచ్చి అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు.

ఒక్క సంగతి గమనించాలి. ఆయన్ని వెంటాడిన వారిలో మనవాళ్లే ఉన్నారు. ఆయనకు మాటు దొరికిన ఇళ్లలో ఒకటి హిందువుది. కనుక ఇది మతాల మధ్య పోరు కాదు, పరాయి పెత్తనంపై పోరు.

తలకు వెల కట్టినంత మాత్రాన మనిషి బందిపోటు అయిపోడు. దోచుకుని పారిపోయేవాడు వేరు, దొరతనాన్ని ఎదిరించి పారిపోయేవాడు వేరు. సర్కారు కాగితం ఇద్దరినీ ఒకే గాట కట్టవచ్చు, మనం కట్టకూడదు.

కోఠీలో ఆయన పేరుతో ఒక రోడ్డుంది. అటు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ పేరు చూపించండి. ఆ దెప్పుమాట ఈయన పేరు నుంచే పుట్టిందంటారని చెప్పండి. ఆపైన ఎవరైనా “తుర్రం ఖాన్‌వా?” అంటే మన పిల్లలు చిన్నబుచ్చుకోరు.