దాచిన పెట్టెకై తీరిక నడక

ఇంగ్లండు దేశమునకు నైరృతిమూలనున్న డెవన్ మండలములో డార్ట్‌మూర్ అను ఎత్తైన బీడు కలదు. చెట్లు అచ్చట అరుదు. గడ్డినేలలు, కాలు దిగబడు ఊబులు, మిట్టల నెత్తిన గ్రానైటు రాతిగుట్టలు, స్వేచ్ఛగా మేయుచుండు పొట్టి గుఱ్ఱములు, ఇవియే ఆ ప్రదేశపు సంపద. 1854వ సంవత్సరమున చాగ్‌ఫర్డ్ వాసియు, బాటసారులకు దారిచూపువాడునగు జేమ్స్ పెరట్ ఈ బీటిలోని క్రాన్‌మియర్ మడుగు చెంత ఒక సీసాను ఉంచెను. అంతదూరము శ్రమపడి నడచి వచ్చినవారు తమ పేరుగల చీటిని దానిలో వేసి పోవుచుండిరి. కాలక్రమమున సీసా పోయి పెట్టె వచ్చెను. పెట్టెలో పుస్తకము చేరెను. పిమ్మట ఒక చిత్రమైన ఆచారము పుట్టినది. వచ్చినవాడు తపాలా బిళ్ల అంటించిన కార్డును పెట్టెలో విడిచిపోవును. తరువాత వచ్చినవాడు దానిని తీసికొనిపోయి ఊరిలో తపాలాలో వేయును. వ్రాసినవాడును వేసినవాడును ఒకరి మొగ మొకరెఱుగరు. దినములు పట్టినను వారములు పట్టినను కార్డు ఇల్లు చేరుటయే వారి సంతోషము.

నేడు అనేక దేశములలో ప్రబలియున్న జియోక్యాషింగ్ అను వినోదము దీని బిడ్డ కాదు. వేఱొకచోట పుట్టిన తోబుట్టువనవచ్చును. 'జియో' యనగా గ్రీకు భాషలో భూమి. 'క్యాష్' అను మాట దాచుట యను అర్థముగల ఫ్రెంచి ధాతువునుండి వచ్చినది. అమెరికా ప్రభుత్వమువారు తమ ఉపగ్రహముల సంకేతములను సామాన్యజనులకు స్పష్టముగా అందకుండునట్లు చిరకాలము కావలెనని చెఱచి పంపుచుండిరి. అందుచే స్థలనిర్ణయములో నూఱు మీటర్ల వఱకు తప్పు వచ్చుచుండెను. 2000 మే 2వ తేదీన ఆ కట్టడి తొలగింపబడినది. మఱునాడే డేవ్ అల్మర్ అనునాతడు ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ దగ్గఱ ఒక బకెట్టును సగము భూమిలో పాతిపెట్టి, ఆ తావు అక్షాంశ రేఖాంశములను ఇంటర్నెట్టున ప్రకటించెను. అందులో పుస్తకములు, వడిసెల మొదలగు వస్తువులతోపాటు చిక్కుడుగింజల డబ్బా కూడ నుండెను. కొలది దినములలోనే వెదకినవారికి అది దొరకినది. ఇప్పటి నియమముల ప్రకారము పెట్టెను పాతిపెట్టరాదు, తినుబండారము ఉంచరాదు. మొదటి పెట్టెయే ఈ రెండు పరీక్షలలోను తప్పియుండెడిది!

ఉపగ్రహము పైనుండి మనలను చూచి దారి చెప్పునని పలువురు విద్యార్థులు తలంతురు. అది సరికాదు. గోపురముమీది గడియారము గంట కొట్టునేగాని దారిన పోవువాని నెఱుగదు గదా! సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ప్రతి ఉపగ్రహమును 'నేను ఇచ్చట నున్నాను, ఇప్పుడు వేళ యింత' అని మాత్రము చాటును. మన చేతిలోని యంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల మాట విని, ఏ మాట ఎంత ఆలస్యముగా చేరినదో చూచి, తానున్న తావును లెక్కకట్టుకొనును. సంకేతము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గాన, వేళలో సెకనులో పది లక్షల వంతు తప్పినచో దూరములో 300 మీటర్లు తప్పును.

పెట్టె తావును డిగ్రీలలోను, నిమిషములలోను, నిమిషములో వెయ్యవ వంతులలోను వ్రాయుదురు. అక్షాంశములో ఒక నిమిషము సుమారు 1.85 కిలోమీటర్లు, అందు వెయ్యవ వంతు పొడవరి మనుష్యుడు పండుకొన్నంత. రేఖాంశము సంగతి వేఱు. మన విజయవాడ యొద్ద రేఖాంశపు నిమిషము సుమారు 1.78 కిలోమీటర్లుండగా డార్ట్‌మూర్ యొద్ద 1.18 మాత్రమే. రేఖాంశరేఖలు ధ్రువముల వైపు పోవుకొలది దగ్గఱగుటయే దీనికి కారణము. పై తరగతులవారు కొసైను పట్టికతో దీనిని తామే లెక్క చూచుకొనవచ్చును. ఐనను చెట్లక్రిందను లోయలలోను యంత్రము కొన్ని మీటర్లు తడబడును. కావున అంకెలు మనలను పొదవఱకు తెచ్చి విడుచును. కడపటి పదియడుగులు కంటిపని.

డార్ట్‌మూర్ పడమటి అంచున టేవీ నది ఒడ్డున టావిస్టాక్ అను ప్రాచీనమైన సంతపట్టణము కలదు. 1105లో మొదటి హెన్రీ రాజు అచ్చటి మఠమునకు వారపుసంత నడుపు హక్కు నిచ్చెను. 1539లో మఠము మూయబడినది; సంత నేటికిని నిలిచియున్నది. దానిని పానియర్ సంత యందురు. పానియర్ అనగా సరకులు తెచ్చు గంప. 1305లో ఈ పట్టణమును, పెరట్ ఊరగు చాగ్‌ఫర్డును, ఆష్‌బర్టనును డెవన్ తగరపు పట్టణములుగా నేర్పరచిరి. కరగించిన తగరమును అచ్చటికి తేగా రాజోద్యోగులు తూచి, మూల చెక్కి పరీక్షించి, ముద్రవేసి, పన్ను పుచ్చుకొనిన పిమ్మటగాని అమ్మకమునకు వీలులేదు.

ఊరినుండి ఒక కాలువ నైరృతిగా పోవును. రాగి ఖనిజమును టేమర్ నదిమీది మార్వెల్‌హామ్ రేవునకు చేర్చుటకు త్రవ్విన యీ కాలువ 1817లో తెఱవబడినది. కడపట కొండను తొలిచి సుమారు ఒకటిన్నర మైలు పొడవుగల సొరంగము గలదు. ఖనిజపు పడవలు ఏనాడో పోయినవి. ఊరివైపున ఒడ్డుబాట మిగిలినది. చదునైన దారి, ప్రక్కన నీరు మెల్లగా కదలును, నడచువాడును ఆ వేగమునకే అలవాటుపడును. కొంతదూరములో క్రౌండేల్ వచ్చును. ఓడతో భూమిని చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ డ్రేక్ అచ్చట పుట్టెను.

ఇట్టి నడకలో పెట్టె యొక నెపమని నా యభిప్రాయము. దానికై వెదకువాడు వేళ్ల సందులను, మ్రాను తొఱ్ఱలను, కంచె దాటు మెట్టు అడుగును చూడనేర్చును. పుల్లలు తామై రాలినవో, ఎవరైన పేర్చినవో పోల్చుకొనును. ఊరక పోవువాడు నాచును చూడడు, పక్షిగూటిని చూడడు. అయితే చేతికి తొందర కూడదు. డెవన్ చేలగట్టులందలి రాళ్లు సున్నము లేక పేర్చినవి. ఒకటి లాగినచో నాలుగు జాఱును. పూర్వులు నిలిపిన రాళ్లలో పెట్టెలుంచుటయు, వానిని కదలించుటయు నిషిద్ధము. బీటి ఉత్తరభాగమున సైనికుల కాల్పుల నేలలు గలవు. ఎఱ్ఱజెండా ఎగురుచుండగా లోపలికి పోరాదు.

తగరమునకు తూనికయు ముద్రయు కాపలాయు నుండెను. ఈ పెట్టెకు అవి యేవియు లేవు. ఏ త్రోవనుపోవువాడైన దానిని ఎత్తుకొనిపోవచ్చును. కొన్ని పెట్టెలు అట్లు పోవుచునే యున్నవి. ఐనను ఏండ్ల తరబడి ఒకేచోట నిలిచినవియు గలవు. ఒకటి తీసికొన్నవాడు అంతకు తక్కువ కాని మఱియొకటి పెట్టవలెను. కొన్ని బొమ్మలకు అంకెగల బిళ్లలు కట్టియుండును. అట్టివానిని ఉంచుకొనక వేఱొక పెట్టెకు చేర్చవలెను. పూర్వము కార్డులు దిగివచ్చినట్లే ఇవి చేతులు మాఱి సముద్రములు దాటును. పుస్తకములో పేరును తేదీని వ్రాసి, పెట్టెను తీసినచోటనే ఆకులతో కప్పవలెను. మూత మాత్రము గట్టిగా బిగింపవలెను. డెవనులో వాన తఱచు.