నవ్వు ఎవరి మీద?

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పాండేసరలో షిఫ్టు మారే వేళ ఒక వింత సంగీతం వినిపిస్తుంది. పన్నెండు గంటలసేపు మరమగ్గాల మోతలో నోటిమాట వినిపించక, సైగలతో పని గడుపుకున్న కార్మికులు వీధిలోకి రాగానే ఒక్కసారిగా మాటల మూటలు విప్పుతారు. గంజాం జిల్లా ఒడియా ఒకవైపు, ఉత్తరప్రదేశ్ భోజపురి ఇంకొకవైపు, ఖాందేశ్ మరాఠీ మరొకవైపు. వీటన్నిటి నడుమ వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ పలుకుబడులతో తెలుగు. టీ దుకాణం యజమాని గుజరాతీలో అడిగిన ప్రశ్నకు జవాబు హిందీలో వస్తుంది. ఆ హిందీకి ఎవరి ఊరి యాస వారు అద్దుకొని ఉంటారు.

ఇటువంటి చోట మాట తడబడటం నిత్యకృత్యం. తెలుగువాడు మిత్రుణ్ణి తొందరపెడుతూ "చెప్పు, చెప్పు" అంటే పక్కనున్న గుజరాతీ ఉలికిపడవచ్చు. అతని భాషలో "చప్పు" అంటే చాకు. ఉక్కపోతకు తాళలేక "గాలి లేదు" అని గొణిగితే హిందీవాని చెవిలో అది "గాలీ", అనగా తిట్టు. "దాదా" అన్న పిలుపు మరాఠీవానికి అన్న, గుజరాతీవానికి తాత, హిందీ సినిమాలు మరిగినవానికి వీధి రౌడీ. ఈ పొరపాట్లకు అందరూ పగలబడి నవ్వుతారు. ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఈరోజు పొరబడినవాడు రేపు ఇంకొకని పొరపాటుకు నవ్వుతాడు, లెక్క సరిపోతుంది.

సరిగా ఈ ముడిసరుకుతోనే, దాదాపు అర్ధశతాబ్ది క్రితం, బ్రిటన్‌లో ఒక టెలివిజన్ హాస్య ధారావాహిక తయారైంది. దానిని ఇప్పుడు తలచుకుంటే పెదవులపై చిరునవ్వు, మనసులో ఒక ముల్లు ఏకకాలంలో మెదులుతాయి.

లండన్‌లో ఒక రాత్రి బడి

1977 డిసెంబరు 30న లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ "మైండ్ యువర్ లాంగ్వేజ్" అనే ధారావాహికను ప్రారంభించింది. రచయిత విన్స్ పావెల్. కథ అంటూ పెద్దగా లేదు. జెరెమీ బ్రౌన్ అనే సాధుస్వభావుడైన యువ ఉపాధ్యాయుడు లండన్‌లో విదేశీయులకు సాయంకాలం ఆంగ్లం బోధించడానికి వస్తాడు. ఆ తరగతికి పాఠం చెప్పిన మునుపటి ఉపాధ్యాయునికి మతి చలించిందని ప్రిన్సిపాలు మొదటే హెచ్చరిస్తుంది. ఎందుకో ప్రేక్షకునికి అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఆ తరగతిలో లండన్ భూగర్భ రైల్వేలో పనిచేసే సిక్కు రంజీత్ సింగ్ ఉన్నాడు. నోరు తెరిస్తే ముందు వెయ్యి క్షమాపణలు చెప్పుకుంటాడు. అతనితో క్షణక్షణం కయ్యానికి దిగే పాకిస్తానీ అలీ నదీమ్ ఉన్నాడు. ఆంగ్లం దాదాపు రాక, ఊలు అల్లుకుంటూ కూర్చునే భారతీయ గృహిణి జమీలా ఉన్నది. ఇటలీవాడు, గ్రీసువాడు, స్పెయిన్‌వాడు, జపానువాడు, చైనా యువతి, జర్మనీ యువతి, ఫ్రాన్సు సుందరి తక్కిన బెంచీలను నింపుతారు. ఉపాధ్యాయుడు ఒక పదం అడుగుతాడు. ఒకరు దాని అర్థాన్ని తలకిందులు చేస్తారు. రెండవవారు దానిని సవరించబోయి ఇంకా చెడగొడతారు. చివరకు ఉపాధ్యాయుడే తన ప్రశ్న మరచిపోతాడు.

ఇందులో నిజమైన హాస్యం ఉన్నదనడంలో సందేహం లేదు. పరభాష నేర్చుకున్న ప్రతివానికీ ఆ తరగతి తెలిసినదే. అందువల్లనే భారతదేశంతో సహా ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో అనేక దేశాల ప్రేక్షకులు దానిని తమ సొంత ధారావాహికగా ఆదరించారు. బారీ ఇవాన్స్ పోషించిన ఉపాధ్యాయుని ఓర్పు, పాఠం ముగిసినా విడిపోలేని ఆ గుంపు చనువు నేటికీ ఆకట్టుకుంటాయి.

నటీనటుల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఇంకొక నవ్వు దాగి ఉన్నది. సిక్కుగా నటించిన ఆల్బర్ట్ మోజెస్ సిక్కు కాదు, సింహళంలో పుట్టినవాడు. పాకిస్తానీగా నటించిన డినో షఫీక్ జన్మస్థలం ఢాకా. గ్రీసుదేశస్థునిగా కనిపించిన కెవోర్క్ మలిక్యాన్ టర్కీలో పుట్టిన ఆర్మీనియన్. చైనా యువతి వేషం వేసిన పిక్ సెన్ లిమ్ మలేసియాలోని పెనాంగ్‌కు చెందినది. సిమ్లాలో పుట్టిన జమీలా మాసీ నిజజీవితంలో చక్కని ఆంగ్లం మాట్లాడగలిగి కూడా, మాట రాని జమీలాగా నటించింది. వచ్చిన భాషను రానట్లు పలకడమే వీరందరి ఉద్యోగం!

తెర వెలుపలి జమీలాలు

ముల్లు ఎక్కడ గుచ్చుకుంటున్నదో ఇక్కడే తెలుస్తుంది. ఆ తరగతిలో నేర్చుకునేవారు పదిమంది; నేర్చుకోవలసిన అవసరం లేనివాడు ఒక్కడు. పాండేసర టీ దుకాణంలో వలె నవ్వు చేతులు మారదు. రంజీత్ ఒక మనిషిగా కంటె ఒక తలపాగాగా, అలీ ఒక టోపీగా కనిపిస్తారు. సిక్కుకూ ముస్లిముకూ మధ్య నడిచే దూషణలు, దేశవిభజన నెత్తురు చూసిన కుటుంబాలకు, సరదా మాటలుగా వినిపించడం కష్టం. ఇదే రచయిత అంతకుముందు హ్యారీ డ్రైవర్‌తో కలసి రాసిన "లవ్ దై నైబర్" (1972-76) లో నల్లజాతి పొరుగువారిపై విసిరిన తిట్లను ఈనాడు వినడం ఇంకా కష్టం.

ఆ కాలపు బ్రిటన్‌లో అటువంటి తరగతులకు వచ్చినవారు ఎవరు? 1972లో ఇడీ అమీన్ ఉగాండా నుండి ఆసియావాసులను వెళ్లగొట్టినప్పుడు వేల కుటుంబాలు బ్రిటన్ చేరాయి. వారిలో గుజరాతీ మూలాలు గలవారు అధికం. దుకాణాలు, ఇళ్లు, బ్యాంకు ఖాతాలు పోగొట్టుకొని వచ్చినవారికి ఆంగ్ల వ్యాకరణం సాయంకాలపు కాలక్షేపం కాదు, కూటికి దారి.

ధారావాహిక మొదలైన సమయంలోనే, అదే లండన్ నగరంలో, గుజరాత్‌లోని ధర్మజ్ గ్రామంలో పుట్టి టాంజానియా మీదుగా బ్రిటన్ చేరిన జయాబెన్ దేశాయ్ ఒక సమ్మెకు నాయకత్వం వహిస్తున్నది. విల్స్‌డెన్‌లోని గ్రన్‌విక్ ఫోటోల కర్మాగారంలో 1976 ఆగస్టులో ఆమె పనిమాని బయటకు నడిచింది. చీరలు కట్టుకున్న స్త్రీలు గేటు ముందు రెండు శీతకాలాలు నిలబడ్డారు. బ్రిటిష్ కార్మికులు వేల సంఖ్యలో వచ్చి వారి పక్కన నిలిచారు. 1978 జులైలో ఆ సమ్మె విజయం సాధించకుండానే ముగిసింది. అయినా వలస వచ్చిన ఆసియా స్త్రీ మాట్లాడలేదన్న భ్రమ మాత్రం అక్కడితో పగిలిపోయింది. తెరమీద జమీలా ఊలు అల్లుతూ కూర్చున్న రోజుల్లోనే తెర వెలుపల జయాబెన్ యాజమాన్యాన్ని నిలదీసింది.

ధారావాహిక 1979లో ఆగిపోయింది. ప్రేక్షకులు తగ్గినందువల్ల కాదు. ఆ సంస్థలో కార్యక్రమాల బాధ్యత వహించిన మైఖేల్ గ్రేడ్‌కు జాతులను మూసపోసి చూపే ఆ పద్ధతి అభ్యంతరకరంగా తోచింది. 1980ల మధ్యలో దానిని పునరుద్ధరించే ప్రయత్నం జరిగినా పూర్వవైభవం రాలేదు.

మరొక దిక్కుగా వీచిన నవ్వు

అంతమాత్రాన ఆనాటి బ్రిటిష్ హాస్యాన్నంతా ఒకే గాటకు కట్టడం న్యాయం కాదు. 1975, 1979 సంవత్సరాల్లో బి.బి.సి. ప్రసారం చేసిన "ఫాల్టీ టవర్స్" మొత్తం పన్నెండు భాగాలే. అందులోనూ ఆంగ్లం సరిగా రాని పరదేశి ఉన్నాడు: బార్సిలోనా నుండి వచ్చిన మాన్యుయెల్ అనే హోటల్ సర్వరు. యజమాని బేసిల్ అతణ్ణి తిడతాడు, మొట్టుతాడు. అయినా ఆట ముగిసేసరికి వెర్రివాడుగా మిగిలేది పనివాడు కాదు, దొరతనం నటించే యజమాని. మాన్యుయెల్ వేషధారి ఆండ్రూ సాక్స్ బెర్లిన్‌లో పుట్టి, 1938లో నాజీల నుండి తప్పించుకొని బ్రిటన్ చేరిన కుటుంబపు బిడ్డ. ఆంగ్లం అతనికి నేర్చుకున్న భాషే. ఈ ధారావాహికను స్పెయిన్‌లో డబ్బింగ్ చేసినప్పుడు మాన్యుయెల్‌ను ఇటలీవానిగా మార్చివేశారు. తమమీద పడే నవ్వును పొరుగువాని మీదికి నెట్టడం సర్వత్ర ఉన్నదే!

"యెస్ మినిస్టర్" (1980-84) ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. అక్కడ నవ్వు పుట్టించేది భాష రానివాడు కాదు, భాష మరీ వచ్చినవాడు. నైజెల్ హాథోర్న్ పోషించిన కార్యదర్శి సర్ హంఫ్రీ, ఒక చిన్న "కాదు" అనడానికి చాంతాడంత వాక్యం అల్లుతాడు. మంత్రి ఆ వాక్యంలో చిక్కుకొని గిలగిలలాడుతాడు. అధికారభాష ప్రజలకు అర్థం కాకపోవడం ప్రజల లోపం కాదని ఆ హాస్యం తేల్చింది. కనుకనే 2001లో "జీ మంత్రీజీ" పేర ఫారూఖ్ షేక్ మంత్రిగా హిందీలోకి వచ్చినప్పుడు అది పరాయిదిగా తోచలేదు. కచేరీ బల్ల ముందు నిలబడ్డ అనుభవం ఏ దేశంలోనైనా ఒకటే.

1998లో టెలివిజన్‌కు వచ్చిన "గుడ్‌నెస్ గ్రేషియస్ మీ" బంతిని పూర్తిగా తిప్పికొట్టింది. అందులో ఒక ఘట్టంలో బొంబాయి యువకులు తాగి, ఆంగ్లేయ భోజనశాలకు వెళ్లి, అన్నిటికంటె చప్పని వంటకం తెమ్మని గర్జిస్తారు. బ్రిటన్‌లోని భారతీయ హోటళ్లలో కొందరు తెల్లవారు ప్రవర్తించే తీరుకు అది నిలువుటద్దం. వలసవచ్చినవారి పిల్లలు పెద్దవారై, తరగతిలో చివరి బెంచీ వదలి, బోర్డు దగ్గరకు వచ్చి సుద్దముక్క అందుకున్నారన్నమాట.

మన పెరటిలోని మొక్క

బ్రిటిషువారిని విమర్శించి ఊరుకుంటే లెక్క సగమే పూర్తవుతుంది. "మైండ్ యువర్ లాంగ్వేజ్"ను అనుసరించి 1990లలో పంకజ్ కపూర్ ఉపాధ్యాయునిగా "జబాన్ సంభాల్‌కే" హిందీలో వచ్చింది. ఇక్కడ నేర్చుకునేది హిందీ. ఆంగ్లేయ రచయితగా టామ్ ఆల్టర్ హిందీతో కుస్తీ పడుతుంటే కలిగే ఆనందం వేరు. కానీ అదే తరగతిలో దక్షిణాదివాని ఉచ్చారణకూ నవ్వాలి. సింహాసనంమీద ఆంగ్లానికి బదులు హిందీ కూర్చున్నది. సింహాసనం అలాగే ఉన్నది.

తెలుగు చలనచిత్రాలు ఇంతకంటె ఘనకార్యమేమీ చేయలేదు. దశాబ్దాల తరబడి కథానాయకుడు కోస్తా పుస్తకభాష మాట్లాడాడు; తెలంగాణ యాస హాస్యగానికో దుర్మార్గునికో దక్కింది. పాండేసర, లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారిలో తెలంగాణ నేతకారులైన పద్మశాలీలు అధికం. ఇంటిభాష వినాలని ఆశపడి తెలుగు సినిమాకు వెళ్లినవారు, తమ తల్లి మాట్లాడే తీరుకే హాలు నవ్వడం చూశారు. 2017లో వచ్చిన "ఫిదా" కథానాయిక ఆ యాసలో ధీమాగా మాట్లాడినప్పుడు, 2023లో సిరిసిల్ల ప్రాంతంలో రూపొందిన "బలగం" ఆ మాటలతోనే ప్రేక్షకులను కంటతడి పెట్టించినప్పుడు, పాతబాకీ కొంత తీరింది.

ఆ సిరిసిల్లలో మరమగ్గాన్ని "సాంచా" అంటారు. గుజరాతీలో "సంచో" అంటే యంత్రం. సూరత్‌లోనూ మరమగ్గాలకు అదే పేరు. పనివాళ్లు రాష్ట్రాలు దాటినట్లే మాటలూ దాటాయి. ఏ భాషా "శుద్ధంగా" మిగలలేదు, ఏ భాషా చెడిపోలేదు.

దుబాసీల నగరం

సూరత్‌కు ఈ సంగతి కొత్త కాదు. 1615లో ఆంగ్లేయ రాయబారి సర్ థామస్ రో ఇక్కడి రేవులో దిగి జహాంగీరు దర్బారుకు బయలుదేరాడు. ఆయనకు ఫారసీ రాదు. దుబాసీలు లేనిదే నోరు మెదపలేని స్థితి. పరభాష ముందు తడబడుతూ నిలుచున్న విద్యార్థి ఆనాడు ఆంగ్లేయుడే. ఆ దృశ్యాన్ని ఏ బ్రిటిష్ హాస్యరచయితా ధారావాహికగా మలచకపోవడం విచారించదగిన లోటు.

నేడు సూరత్ మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లం అనే ఏడు మాధ్యమాలలో నడుస్తున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, అంగడిలో గుజరాతీ పలికే పిల్లలు ఏ భాషలోనో ఒకదానిలో రోజూ తడబడుతూనే ఉంటారు. సెలవులకు తాతగారి ఊరు వెళితే "మీ తెలుగేమిటి ఇలా ఉంది?" అని నవ్వులు, తిరిగి వస్తే గుజరాతీ ఉచ్చారణకు నవ్వులు. ఆ నవ్వులో చనువు ఉంటే పిల్ల మళ్లీ నోరు తెరుస్తుంది. ఎగతాళి ఉంటే జమీలాలా మూగబోయి ఒక మూల కూర్చుంటుంది. ధారావాహిక అరగంటలో ముగుస్తుంది. నోరు మూసుకున్న పిల్లకు ఆ అరగంట బడి వయసంతా సాగుతుంది.

పాత బ్రిటిష్ హాస్యాన్ని నిషేధించనక్కరలేదు, నెత్తిన పెట్టుకోనక్కరలేదు. రంజీత్ క్షమాపణలకు నవ్వవచ్చు. నవ్విన తరువాత అతడు ఎందుకు అన్ని క్షమాపణలు చెప్పవలసి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

ఆలోచించడానికి పాండేసర మంచి చోటు. అక్కడ షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి, తనకు చదవరాని బ్యాంకు కాగితాన్నో, ఆసుపత్రి చీటీనో బడికి వెళ్లే కూతురి చేతిలో పెడతాడు. ఆ పిల్ల గుజరాతీ చదివి, తెలుగులో చెబుతుంది. మధ్యలో ఒక మాట తోచక హిందీ కలుపుతుంది. నాలుగు శతాబ్దాల క్రితం ఒక రాయబారికి జీతమిచ్చి కుదుర్చుకోవలసి వచ్చిన దుబాసీ పనిని, ఆ పిల్ల హోంవర్కు మధ్యలో, జీతం లేకుండా చేసిపెడుతున్నది.