తొక్కితేనే ఛార్జింగ్!

పాతకాలం సైకిల్ గుర్తుందా? వెనక చక్రం పక్కన సీసాలాంటి డైనమో. టైరుకి ఆనిస్తే 'గుర్ర్'మంటూ తిరిగేది, ముందు లైటు వెలిగేది. పెగడపల్లి నుంచి జగిత్యాలకు పనిమీద వెళ్లి, చీకటిపడ్డాక తిరిగొచ్చే వాళ్లకు అదే దిక్కు. ఇక దాని పని అయిపోయిందనుకున్నారంతా. దూరాలు తొక్కేవాళ్ల దగ్గర మాత్రం అది ముందు చక్రం ఇరుసులోకి చేరి, ఈసారి సెల్‌ఫోన్‌కీ కరెంటిస్తోంది!

హైదరాబాద్ రాండొన్యూర్స్ లాంటి క్లబ్బులు నడిపే 'బ్రెవే' యాత్రల్లో 600 కిలోమీటర్లకు గడువు 40 గంటలు. అంటే రాత్రి తొక్కక తప్పదు. ముందూ వెనకా లైట్లు వెలగాల్సిందే. దారి చూపడానికీ, ఆపదొస్తే కబురు చెప్పడానికీ ఫోన్ ఉండాలి. నడిరాత్రి లారీల మధ్య లైటు ఆరితే గడువు మాట దేవుడెరుగు, ప్రాణం మీదికొస్తుంది.

మరి డైనమో ఉంటే చాలా? లెక్క చూడండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అది ఇచ్చేది సుమారు 3 వాట్లు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 19 వాట్-అవర్లు. మధ్యలో వృథా అయ్యేదీ కలిపితే, ఫోన్ నిండటానికి ఏడెనిమిది గంటలు తొక్కాలి! రాత్రయితే ఆ కరెంటంతా లైటుకే సరి. కొండగట్టు ఘాట్ ఎక్కేటప్పుడు వేగం పడిపోతుందా... ఛార్జింగూ పడిపోతుంది.

అందుకే పవర్‌బ్యాంకు తోడు. అయితే 10,000 అని రాసి ఉంది కదాని 5,000 ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకోవద్దు. వోల్టేజీ మారేటప్పుడు కొంత పోతుంది. దక్కేది ఒకటిన్నర సార్లే. దారిలో హోటల్ దగ్గర ఆగితే ముందు గోడకు పెట్టాల్సింది ఫోన్‌నే. అది త్వరగా ఎక్కుతుంది, పవర్‌బ్యాంకు నిండటానికి గంటలు పడుతుంది. చాయ్ తాగి, ఓనర్‌ని ఒక్కమాట అడిగితే ఎవరు కాదంటారు?

అసలు కిటుకు పొదుపులో ఉంది. ఎక్కువ కరెంటు తాగేది తెర. సిగ్నల్ లేనిచోట టవర్ కోసం వెతుకుతూ కూడా ఫోన్ అలసిపోతుంది. ముందే మ్యాపు దించుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెర ఆపేస్తే చాలు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకోవడమే తప్ప పంపదు కాబట్టి, అది పనిచేస్తూనే ఉంటుంది. ఇక ఎండ సంగతి. కోరుట్ల, సిరిసిల్ల దారుల్లో మే నెల మధ్యాహ్నం హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి ఛార్జింగ్ ఎక్కించడమంటే పెనం మీద పెట్టినట్టే. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ మంచిది కాదు. వేడెక్కితే చాలా ఫోన్లు తమంతట తామే ఆపేస్తాయి కూడా. సంచిలో, నీడన పెట్టడం మేలు.

ఇదంతా కొత్త పిచ్చి అనుకుంటున్నారేమో! 1983లోనే అమెరికాలో స్టీవెన్ రాబర్ట్స్ అనే రచయిత ఇల్లమ్మేసి సైకిలెక్కాడు. సోలార్ పలక, చేతికంప్యూటర్ వెంటపెట్టుకుని, వేల మైళ్లు తిరుగుతూ దారిలోనే వ్యాసాలు రాసి పంపాడు.

అన్నట్టు, బయల్దేరేముందు ఇంటి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.