ఎల్బరాన్ స్టేషను: ఒక్క రాత్రిలో వేసిన పట్టాలు

ఎడిసన్ నుంచి సముద్రతీరానికి రైల్లో వెళ్ళదలచినవారు మొదట న్యూయార్క్ వైపు ప్రయాణం చేయాలి. రావే స్టేషనులో దిగి, నార్త్ జెర్సీ కోస్ట్ లైను బండి ఎక్కి మళ్ళీ దక్షిణానికి తిరగాలి. పెర్త్ ఆంబాయ్ దాటాక రారిటన్ నది మీది వంతెన వస్తుంది. లాంగ్ బ్రాంచ్ దగ్గర కరెంటు తీగలు అయిపోతాయి. ఆపైన డీజిల్ ఇంజనుదే పని కనుక చాలామంది అక్కడ బండి మారవలసివస్తుంది. లాంగ్ బ్రాంచ్ తరవాతి స్టేషను ఎల్బరాన్. వేసవి శనివారాల్లో గొడుగులు, మడతకుర్చీలతో వెళ్ళేవారిలో ఎక్కువమంది అక్కడ దిగరు. పెద్ద స్టేషనేమీ కాదు. కాని అమెరికా వైద్యచరిత్రలో దానికి ఒక పేజీ ఉంది.

న్యూయార్క్ అండ్ లాంగ్ బ్రాంచ్ రైల్‌రోడ్ 1875లో ఈ తీరానికి చేరింది. అప్పటికే అధ్యక్షుడు గ్రాంట్ వేసవి విడిదిగా చేసుకోవడంతో లాంగ్ బ్రాంచ్ సంపన్నులకు ఫ్యాషనైపోయింది. దానికి దక్షిణాన స్థలాలు కొని ఇళ్ళు కట్టించిన వ్యాపారి ఎల్. బి. బ్రౌన్. ఆ పొడి అక్షరాలకు ఇంటిపేరు కలిపి గబగబా పలికితే వచ్చినదే ఎల్బరాన్! గ్రాంట్ నుంచి విల్సన్ వరకు ఏడుగురు అధ్యక్షులు వచ్చిన చిన్న చర్చి ఇప్పటికీ అక్కడ ఓషన్ అవెన్యూ మీద ఉంది.

ఆ ఏడుగురిలో జేమ్స్ గార్‌ఫీల్డ్ ఒకడు. 1881 జూలై 2న వాషింగ్టన్‌లో, అదీ ఒక రైల్వేస్టేషనులోనే, చార్ల్స్ గిటో అతణ్ణి వెనకనుంచి కాల్చాడు. తూటా మొదటి నడుము వెన్నుపూసను చీల్చుకుపోయింది గాని వెన్నుపామును తాకలేదు. గాయం తీవ్రమైనదే అయినా, తప్పక ప్రాణం తీసేది కాదని ఈనాటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. అయితే స్టేషను నేలమీదనే వైద్యులు కడగని వేళ్ళతో, శుద్ధి చేయని పరికరాలతో తూటాకోసం వెదకడం మొదలుపెట్టారు. ఆ వెదుకులాట వారాల తరబడి సాగింది. శస్త్రచికిత్సలో క్రిమిసంహారక పద్ధతుల గురించి జోసెఫ్ లిస్టర్ 1876లో ఫిలడెల్ఫియాకే వచ్చి చెప్పి వెళ్ళాడు. విన్నవారిలో నమ్మినవారు తక్కువ. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చాడు. కాని చికిత్సకు పెద్దగా వ్యవహరించిన డాక్టర్ విలర్డ్ బ్లిస్, తూటా ఉందని తాను నమ్మిన కుడివైపు మాత్రమే పరీక్షించనిచ్చాడు. పరుపులో ఉన్న ఇనుప స్ప్రింగులు ఆ యంత్రాన్ని మరింత తికమకపెట్టాయి.

సెప్టెంబరు వచ్చేసరికి 210 పౌన్ల మనిషి 130కి దిగాడు. వాషింగ్టన్ ఎండనుంచి, చిత్తడినేలల గాలినుంచి తప్పించి సముద్రతీరానికి చేర్చాలని నిర్ణయమయింది. ఎల్బరాన్‌లో ఫ్రాంక్లిన్ అనే సంపన్నుడి కుటీరం సిద్ధంగా ఉంది. చిక్కల్లా స్టేషను నుంచి ఆ ఇంటి దాకా ఉన్న దూరం. ఇంచుమించు 3,200 అడుగులు. గుర్రపుబండి కుదుపులను రోగి తట్టుకోలేడు. దాంతో రైల్వే పనివారు, ఊరివాళ్ళు కలిసి సెప్టెంబరు 5 రాత్రికి రాత్రి స్టేషను నుంచి కుటీరం గుమ్మం దాకా పట్టాలు వేశారు. పనిచేసినవారు రెండువేలమంది దాకా ఉంటారని చెప్పుకుంటారు.

మర్నాటి బండిలోనూ అంతే శ్రద్ధ కనిపిస్తుంది. పొగ తక్కువగా వచ్చే ఆంత్రసైట్ బొగ్గు వాడారు. దుమ్ము రాకుండా పెట్టెకు సన్నని జాలీ తొడిగారు, నేలమీద మందపాటి తివాచీలు పరిచారు, చల్లదనానికి మంచు ఉంచారు. దాదాపు ఏడుగంటల ప్రయాణం. చివర కొత్త పట్టాల మీద, కుటీరానికి కాస్త ముందున్న ఎత్తు ఎక్కలేక ఇంజను ఆగిపోయింది. అక్కడ నిలబడి ఉన్నవారు, రెండువందలమంది దాకా, పెట్టెలను చేతులతో నెట్టి గుమ్మానికి చేర్చారు. గాయం తగిలిన నాటినుంచి ఆ రోగికి అందిన సేవలన్నిటిలో ఏ హానీ చేయనిది బహుశా ఇదొక్కటే.

కిటికీలోంచి సముద్రం చూడగలిగాడని, మొదట కొంత తేరుకున్నట్టు కనిపించాడని అంటారు. కాని చీము అప్పటికే ఒంటినిండా వ్యాపించింది. సెప్టెంబరు 19 రాత్రి, కాల్పులు జరిగిన 79వ రోజున, కన్నుమూశాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు, క్లోమం వెనక, చుట్టూ పొర కట్టుకుని నిరపాయంగా పడి ఉంది. కుడివైపు వైద్యులు వెదికిన మేర ఇరవై అంగుళాల చీముదారి ఏర్పడింది. తక్షణ కారణం ప్లీహధమని దెబ్బతిన్నచోట ఉబ్బి పగలడం. కాల్చింది నిజమే గాని చంపింది వైద్యులేనని గిటో కోర్టులో వాదించాడు. వాదం నెగ్గలేదు, 1882 జూన్ 30న ఉరితీశారు. హంతకుడి నోటినుంచి వచ్చినంత మాత్రాన ఆ మాటను వైద్యలోకం కొట్టిపారేయలేకపోయింది.

పార్థివదేహం కూడా రైల్లోనే వాషింగ్టన్ చేరింది. తరవాత ఆ పట్టాలను పీకేశారు. వాటి కింది కర్ర స్లీపర్లను ఆలివర్ బైరన్ అనే నటుడు కొని, ఒక చిన్న గుడిసెలాంటి ఇల్లు కట్టించాడు. గార్‌ఫీల్డ్ టీ హౌస్ అంటారు దాన్ని. 1899లో కట్టిన అందమైన స్టేషను భవనం 1988లో మంటల్లో పోయింది. అదే ఏడాది లాంగ్ బ్రాంచ్ వరకు విద్యుత్ రైళ్ళు వచ్చాయి. నడవలేనివారికి, చక్రాల కుర్చీ వాడేవారికి అక్కడ దిగడం మేలు. అక్కడ ప్లాట్‌ఫారం బండి ఎత్తులోనే ఉంటుంది, సముద్రం మైలు లోపే. టీ హౌస్ ఇప్పుడు ఏడుగురు అధ్యక్షుల చర్చి ఆవరణలో, ఎరుపు తెలుపు రంగుల్లో ఉంది.